పది గొట్టాల్లో దేవుని వంతు

లెక్క తప్పడం వేరు, లెక్క సరిగ్గా వచ్చి మనిషి తప్పడం వేరు. మొదటిది నా జీవితంలో తక్కువే. రెండోది గట్టిగా ఒక్కసారి జరిగింది. దాని దెబ్బకు ఒక ఆడపిల్ల మూడేళ్ళ చదువు మా నారాయణఖేడ్ చర్చిలో ఒక నాటుకోడికీ ఒక గుమ్మడికాయకూ మధ్య కూర్చుని హర్రాజుకు పోయింది. అక్కడ కూర్చోబెట్టింది నేను. హర్రాజు పాడించింది నేను. చివరికి కొన్నది కూడా నేనే. ఇందులో ఇంకొకరి తప్పు ఏమైనా ఉందేమోనని చాలా ఏళ్ళు వెతికాను. దొరకలేదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మీకు నా మీద అనవసరంగా జాలి కలుగుతుంది. నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు మాత్రం నన్ను మానలేదు. పాత కాగితాల కొట్టులో తూకానికి పోతున్న లాగరిథం పట్టికల పుస్తకాన్ని బతిమాలి తెచ్చుకుని, దాన్ని కొందరు పాటల పుస్తకం చదువుకున్నట్టు చదువుకున్నాను. బావి తవ్వితే ఎంత మట్టి లేస్తుంది, గోడకు ఎన్ని ఇటుకలు పడతాయి, దుంగ కోస్తే ఎన్ని పలకలు వస్తాయి అని అడగడానికి మనూర్ నుంచి, కల్హేర్ నుంచి కూడా జనం వచ్చేవారు. చెవి మీద పెన్సిలు, జేబులో టేపు, మొహం మీద గాంభీర్యం. దానియేలు లెక్క తప్పదు, దానియేలు ఒక్క పైసా వృథా చెయ్యడు అని నాకు పేరు. ఆ పేరు చూసుకుని మురిసిపోయేవాణ్ణి. నన్ను ముంచింది కూడా ఆ పేరే. వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను.

ఆ పేరు వల్లనే మా చర్చిలో కోత పండుగ హర్రాజు నా చేతికి వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పంటలు ఇంటికి చేరాక ఒక ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ తమకు పండినదాంట్లో మేలైనది తెచ్చి చర్చిలో బల్ల మీద పెడతారు. జొన్నకంకులు, కందులు, చెరుకుగడలు, బెల్లం, కాలికి తాడు కట్టిన కోడి. ప్రార్థన అయ్యాక వాటన్నిటినీ హర్రాజు వేస్తారు, వేలం అన్నమాట. వచ్చినది చర్చికి. ఈ పని నా చేతికి రాగానే నేనొక నియమం పెట్టాను. బల్ల ఎక్కినది దేవునిది. వాపసు లేదు. మనసు మారితే అందరితో పాటు పాడి కొనుక్కోవాలి.

నియమం పెట్టిన ఏడే దానికి పరీక్ష వచ్చింది. ఆటో నడిపే సామ్యేలు జొన్నకంకులు సర్దుతూ, చేతులు ఖాళీ లేక, తన ఛత్రిని బల్ల మీద పెట్టాడు.

"దానియేలన్నా, గది నా ఛత్రి."

"బల్ల మీద ఎవలు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన. గని ఇచ్చుడు గాదు, ఉత్తగ పెట్టుడు."

"సామ్యేలూ, బల్లకు గా తేడా తెల్వదు."

పాపం, తన ఛత్రిని తనే పాడుకుని కొనుక్కున్నాడు. కొన్న కోపంలో తెరిస్తే ఒక చువ్వ కూడా విరిగింది. ఆ రోజు నుంచి ఊరందరికీ అతను ఛత్రి సామ్యేలు. వానలో నేను ఎదురుపడితే ఛత్రి మూసేసి, తడుస్తూ, నా మొహంలోకి చూస్తూ పోయేవాడు. అంత పంతం.

ఆ తర్వాతి ఏడు పండుగకు ముందురోజు సాయంత్రం మా ఎస్తేరక్క బిడ్డ సునంద హైదరాబాదు నుంచి బస్సు దిగింది. అక్కడ పరిశోధన చేస్తోంది. భుజానికి సంచి, రెండు చేతుల్లో పసిపాపను పట్టుకున్నట్టు ఒక తెల్లని థర్మాకోల్ డబ్బా.

"ఏంది బిడ్డా గండ్ల? చేపలా?"

"కాదు మామా. ప్రోటీన్."

"ప్రోటీన్ పప్పుల ఉంటది, గుడ్డుల ఉంటది. మంచుల పెట్టి ఇంత దూరం మోసుకొచ్చుడు ఎందుకు?"

"గిది వెలుగుతది మామా."

ఇక నేను ఊరుకుంటానా? అన్నం ముందు కూర్చోబెట్టి అడిగాను. సముద్రంలో పగడం జాతి జీవి ఒకటి ఉందట. దాని ఒంట్లో తయారయ్యే ప్రోటీను మీద నీలిరంగు వెలుగు పడితే అది పచ్చగా వెలుగుతుందట. ఆ ప్రోటీన్ తయారీ పద్ధతిని సూక్ష్మజీవుల్లో పెట్టి, వాటిని పెంచి, వాటితో ఈ పిల్ల అదే ప్రోటీన్ చేయించిందట. అంతవరకూ బర్రెకు మేత వేసి పాలు పిండుకున్నట్టే ఉంది, నాకు అర్థమైంది.

"అయితే నువ్వు చూసేది ఏంది? వెలుగుతదని తెలిసె గదా."

"వెలుగు తగలంగనే లోపల మొట్టమొదలు ఏం కదులుతది, ఎంత సేపట్ల కదులుతది, గది చూస్తం."

"ఎంత సేపట్ల?"

"ఒక సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసినవనుకో. అండ్ల కొన్ని ముక్కలు."

నేను ముద్ద కంచంలో పెట్టేశాను. లక్ష కోట్లు అన్న మాట మా ఇంట్లో వినపడటం అదే మొదలు.

"గంత చిన్నగ చూపెట్టే గడియారం యాడున్నది?"

"గడియారం గాదు మామా, నీ లెక్కనే టేపు. ఒక లేజర్ మెరుపుతోని ప్రోటీన్‌ను లేపుతం. రెండో మెరుపుతోని ఎట్లున్నదని చూస్తం. రెండో మెరుపును అద్దం మీదికెళ్ళి కొంచెం దూరం ఎక్కువ నడిపిస్తం. ఎంత దూరం ఎక్కువ నడిస్తే గంత ఆలస్యం. అద్దాన్ని కొంచెం కొంచెం జరుపుకుంట, ఒక్కొక్క ఆలస్యానికి ఒక్కొక్కసారి చూసుడే."

పెన్సిలు తీశాను. వెలుగు వేగం నాకు తెలుసు. వెంట్రుక మందమంత దూరం నడవడానికి వెలుగుకు పట్టే సమయం కట్టి చూస్తే, సెకనులో లక్ష కోట్ల వంతు కూడా నిండలేదు. దాంట్లో పావు దగ్గర ఆగింది. మళ్ళీ కట్టాను. అంతే వచ్చింది. జీవితమంతా గోడల్ని కొలిచిన టేపుతో కాలాన్ని కొలవచ్చని తెలిసిన ఆ నిమిషంలో, నేను కూడా ఆ పరిశోధనలో సగం భాగస్వామిని అయిపోయినట్టే అనిపించింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

సునంద మాత్రం అసలు సంగతి సూటిగా చెప్పింది. అలాంటి లేజరు బెంగళూరులో ఉంది. దాని మీద వంతు కోసం ఏడాది ఎదురుచూసింది. మంగళవారం పొద్దున ఆమె వంతు. ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ బయలుదేరి బీదర్ మీదుగా పోవాలి. ఈ ప్రోటీన్ పాడైతే మళ్ళీ చేసుకోవడానికి నెలలు, మళ్ళీ వంతుకు ఏడాది. ఆలోపు ఆమెకు వచ్చే స్కాలర్‌షిప్ అయిపోతుంది, చదువు మధ్యలో ఆగిపోతుంది.

"పొద్దుగాల మంచు కరిగితే మార్చు మామా. వెలుగు తగలనియ్యకు. ఇంకేం ముట్టకు."

"ముట్ట."

"లెక్కబెట్టకు గూడ."

"లెక్కబెడితే ఏమైతది బిడ్డా?"

"ఏం గాదు. గని నువ్వు లెక్కబెడితే ఆగవు."

పిల్ల నన్ను చిన్నప్పటి నుంచి చూస్తోంది.

పొద్దున సోడా కొట్టు నుంచి మంచుగడ్డ తెచ్చి డబ్బా మూత తీశాను. వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోదానికీ వెండిరంగు రేకు చుట్టి నిలబెట్టి ఉన్నాయి. పక్కన నీలిరంగు వెలుగునిచ్చే చిన్న టార్చి. లెక్కపెట్టకూడదనే అనుకున్నాను. కానీ కళ్ళు నా మాట విన్నాయా? పది.

అయ్యా, అది తొమ్మిదైతే నేను మూత పెట్టేవాణ్ణి. పదకొండైతే భిన్నం వచ్చేది, భిన్నాన్ని బల్ల మీద పెట్టలేం కనుక మూత పెట్టేవాణ్ణి. పది! మా ఇళ్ళల్లో పిల్లలకు మాటలు రాకముందే నేర్పే లెక్క అది. పదింట్ల ఒకటి దేవునిది. అదీ కోత పండుగ నాడు! బియ్యంలో తీస్తాం, కందుల్లో తీస్తాం, కూలి డబ్బుల్లో తీస్తాం. మూడేళ్ళు కష్టపడి పండించిన దాంట్లో తీయకపోతే ఎలా? పిల్ల పట్నంలో ఉండి మరిచిపోయింది, పెద్దవాణ్ణి నేనున్నాను కదా అనుకున్నాను.

పదింటిలో ఏది? మేలైనది పెట్టాలి. రేకులు ఒక్కొక్కటి కొంచెం కొంచెం విప్పి చూశాను. తొమ్మిదింటిలో నీళ్ళలాంటిది. ఒక్కదాంట్లో మాత్రం లేత నిమ్మకాయ రంగులో నిగనిగలాడుతోంది. ఒకే చేనులో కొన్ని కాయలు నిండుతాయి, కొన్ని తాలు పోతాయి. ఇదీ అంతే అనుకున్నాను. మూతల మీద సన్నగా ఏవో పేర్లు రాసి ఉన్నాయి. అంకెలు కావు కనుక నేను చదవలేదు.

ఇది దొంగతనం అని మీరనుకునే ముందు నా లెక్క పూర్తిగా వినండి. బల్ల మీద పెడతాను. ప్రార్థన అందుతుంది. హర్రాజులో మొదటి పాట నేనే పాడతాను. పక్కన గుమ్మడికాయ, కోడి ఉండగా ఈ వేలెడంత గొట్టానికి పోటీ ఎవరు వస్తారు? పోటీ సున్నా. గొట్టం మళ్ళీ డబ్బాలోకి. దేవునికి దేవుని వంతు, పిల్లకు పిల్ల వంతు. కూడికలో, తీసివేతలో ఎక్కడా తప్పు లేదు. ఇప్పటికీ లేదు.

సునంద స్నానానికి పోయింది, అక్క వంటలో ఉంది. గొట్టం, టార్చి జేబులో వేసుకుని చర్చికి పోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. గొప్పలు పోవాలనిపించింది. ప్రార్థన అయ్యాక మైకు పట్టుకుని, "గిది మా ఎస్తేరక్క బిడ్డ పండించిన పంట, వెలుగుతది" అన్నాను. ఎవరూ నమ్మలేదు. మనూర్ నుంచి ఒకాయన కానుకగా తెచ్చిన నల్ల గొంగడి బల్ల మీదే ఉంది. దాన్ని కప్పుకుని లోపల నీలి టార్చి వేసి చూడమన్నాను. ముందు పాస్టరయ్య దూరాడు. బయటికి వచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా ఉండటం మేమెవరమూ అంతకుముందు చూసి ఎరగం. దాంతో జనం వరుస కట్టారు. "ఒక్క రెప్పపాటే, ఒక్క రెప్పపాటే" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఒక్కొక్కరే గొంగడిలోకి దూరుతున్నారు, ఇంత నోరు తెరుచుకుని బయటికి వస్తున్నారు.

"మిణుగురు పురుగును నూరి పోసినట్టున్నది" అన్నారు ఒకరు.

"కండ్లల్ల చుక్కలు ఏసుకుంటె చూపు వస్తదేమో" అంది మరియమ్మవ్వ. ఆమెకు రెండు కళ్ళల్లో పొరలు.

"వెయ్యొద్దు అవ్వా!"

"నీకేమెరుక? నువ్వు డాక్టరువా?"

సామ్యేలు మాత్రం గొంగడిలోంచి వచ్చి, విరిగిన చువ్వ ఛత్రిని చంకలో పెట్టుకుని, ముందు వరుసలో కూర్చున్నాడు.

హర్రాజు మొదలైంది. గుమ్మడికాయ పోయింది, కోడి పోయింది, గొంగడి కూడా పోయింది. కొన్నాయన దాన్ని ఇంకా గొట్టం చూడటానికే వదిలిపెట్టాడు. గొట్టం వంతు వచ్చింది. నేను నిమ్మకాయల ధర ఒకటి చెప్పి, "నా పాట" అన్నాను.

తలలన్నీ నా వైపు తిరిగాయి.

"దానియేలన్న పాడిండా?" అన్నారు వెనకనుంచి.

"పాడిండు."

"ఆయన ఎన్నడన్న ఏమన్న పాడిండా?"

"ఎన్నడు పాడలె. బెల్లం గూడ ముట్టలె."

"పైసకు పైస లెక్కగట్టే మనిషి ఉత్తగనే పాడడు. అండ్ల ఏదో ఉన్నది!"

చూశారా నా మంచి పేరు? ఆ ఒక్క మాటతో పాట లేచింది. నేనొక మాట అంటే పది చేతులు లేచాయి. నేను పాడినకొద్దీ దాని విలువ మీద జనానికి నమ్మకం పెరిగింది. నమ్మకం పెరిగినకొద్దీ నేను ఇంకా పాడాల్సి వచ్చింది. పాట కోడి ధరను దాటింది. సామ్యేలు మాత్రం నవ్వుతూ, ఛత్రి పైకెత్తి పాడుతున్నాడు. నేను ఎంత అంటే దానిమీద ఒక్క మెట్టు.

"సామ్యేలూ, నీకెందుకు గిది?"

"ఆటో ముందట కడ్తనన్నా. రాత్రిపూట లైటు అయితది."

అప్పుడే గుమ్మంలో సునంద కనపడింది. వెనక అక్క. పిల్ల చూపు ముందు టార్చి మీద పడింది, తర్వాత గొట్టం మీద, తర్వాత నా మీద. నేను మైకు పక్కకు పెట్టి, ఏమీ జరగనట్టు నవ్వాను.

"మామా, గది నా గొట్టమా?"

"ఆగమాగం గాకు బిడ్డా. దశమభాగం. పదింట్ల ఒక్కటే తెచ్చిన. తొమ్మిది ఇంట్ల భద్రంగ ఉన్నయి."

"తొమ్మిదింట్ల ఉప్పునీళ్ళు ఉన్నయి మామా!"

"ఉప్పునీళ్ళా?"

"ప్రోటీన్‌ను పలచన చెయ్యనీకి, పక్కపక్కన పెట్టి చూడనీకి. ప్రోటీన్ గదొక్కటే."

లెక్కలు చేసేవాళ్ళకు ఒక భయం ఉంటుంది. పేజీలకు పేజీలు కట్టాక, మొదటి వరుసలో రాసుకున్న అంకే తప్పని తెలిసే క్షణం. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ క్షణం రాలేదు. వచ్చింది. పదింట్ల ఒకటి అనుకుని ఒక్కదాంట్ల ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను.

మైకు అందుకుని, "పొరపాటైంది, ఈ ఒక్కటి వాపసు" అన్నాను.

సామ్యేలు లేచాడు. ఛత్రిని నిదానంగా తెరిచాడు, చర్చి లోపల. విరిగిన చువ్వ వేలాడుతోంది. సభ అంతా ఆ చువ్వ వైపు, తర్వాత నా వైపు చూసింది.

పాస్టరయ్య గొంతు సవరించుకున్నాడు. "దానియేలూ, నియమం నువ్వు పెట్టిందే నాయనా. పోయిన ఏడు ఛత్రికి లేని వాపసు ఈ ఏడు గొట్టానికి ఉంటే, రేపు నేను ఈ చర్చిని నడపలేను."

"బల్లకు తేడా తెల్వదన్నా" అన్నాడు సామ్యేలు.

పాట సాగింది. మేక ధర దగ్గరికి వచ్చింది. మరియమ్మవ్వ తన మేకనే ఇస్తానంది. నేను ఒక మంచి పెద్ద మేక ధర అన్నాను. అక్కడ ఆ క్షణానికి ఆగింది, నా పేరు మీద. కానీ సామ్యేలు ఛత్రి మెల్లగా మళ్ళీ లేవబోతోంది.

అప్పుడు సునంద ముందుకు వచ్చింది. నా వైపు చూడలేదు. "అందరు మంచిగ చూసిండ్రా? ఒక్క రెప్పపాటుల ఏం కనవడతది? ఇటియ్యిండ్రి, నేన్ జూపెడ్త" అని గొట్టం, టార్చి తీసుకుని గొంగడి కప్పుకుని కూర్చుంది. "రా అవ్వా, దగ్గరికి రా. తొందర లేదు."

వెలుగు తగలనివ్వొద్దన్న పిల్ల, టార్చిని గొట్టానికి ఆనించి పట్టుకుని ఆర్పడం లేదు! మూడేళ్ళ కష్టం పోయిందనే దిగులుతో పిల్లకు మతి చలించిందనుకున్నాను.

"బిడ్డా, టార్చి బంజెయ్యి!"

"నువ్వు ఊకో మామా."

గొంగడి లోపలి నుంచి మరియమ్మవ్వ గొంతు వచ్చింది. "బిడ్డా, గిది సన్నవడ్తుందే."

"ఇంకా చూడు అవ్వా."

"సన్నవడ్తుంది... పోతుంది... అయ్యో, దీపం పోయింది!"

పోయింది అన్న మాట నా చెవిన పడకముందే, పోతుంది అన్న మాటకే నా నోరు లేచింది. జల్దీగా హర్రాజు ముగించి, ఆ గొట్టాన్ని ఆ టార్చి కింద నుంచి లాక్కోవాలి. అంతే నా ఆలోచన, ఆలోచన అనగలిగితే.

"మేక, దాని మీద మేకపిల్ల!" అని అరిచాను.

ఎవరూ పలకలేదు. జనమంతా గొంగడి వైపు చూస్తున్నారు. పలకకపోతే నాకు ఇంకా భయమేసింది; పెద్ద పాట కోసం లోపల లెక్కలు కడుతున్నారనుకున్నాను.

"బర్రెదూడ!"

అదే సమయానికి సామ్యేలు గొంగడిలో తల పెట్టి చూసి, బయటికి వచ్చి, ఛత్రి మూసేశాడు. "సచ్చింది" అన్నాడు. "నాకొద్దు."

"సచ్చినదాన్ని కండ్లల్ల ఏం ఏసుకుంట? నాకు గూడ వద్దు" అంది అవ్వ.

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. పాడించేవాణ్ణి కూడా నేనే కదా. "బర్రెదూడ ఒకటోసారి, బర్రెదూడ రెండోసారి, ఇంకెవరన్న ఉన్నరా?" అని నేనే అడిగాను. ఎవరూ లేరు. "మూడోసారి" అని నేనే అన్నాను.

పాస్టరయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "దానియేలూ, చివరి రెండు పాటలు నీ మీద నువ్వే పాడినవ్ నాయనా" అన్నాడు. సభ నవ్విన నవ్వుకు కోడి తాడు తెంపుకుని పారిపోయింది. దాన్ని కొన్నవాళ్ళు దాని వెనక పరుగెత్తారు.

ఇంటికి వచ్చేదాకా నేను తల ఎత్తలేదు. గడప దాటగానే, "నీ చదువు సంపేసిన బిడ్డా" అన్నాను. అక్క అప్పటికే ఏడుస్తోంది. సునంద మాత్రం నా చెయ్యి పట్టుకుని కిటికీ లేని జొన్నల అర్రలోకి తీసుకుపోయి, తలుపు దగ్గరికి వేసింది. సంచిలోంచి ఇంకో టార్చి తీసింది. దీని వెలుగు ఊదారంగు.

"చూడు" అంది.

ఊదా వెలుగు గొట్టానికి తగిలించి తీసేసి, మళ్ళీ నీలి వెలుగు వేసింది. జొన్న బస్తాల మధ్య పచ్చగా వెలిగింది గొట్టం. పొద్దున ఎంత ఉందో అంత. ఏమీ జరగనట్టు.

"సావలె మామా. పండుకున్నది. గీ ప్రోటీన్ గుణమే గది. నీలి వెలుగు సేపు తగిలితే నిద్రపోతది. ఊదా వెలుగు తగిలితే లేస్తది. లేచేటప్పుడు మొట్టమొదలు ఏం కదులుతదో చూడనీకే నేను బెంగళూరు పోతున్న."

"మరి ముందుగాల వెలుగు తగలనియ్యకన్నవ్?"

"ఊకె ఊకె తగిలితే నిజంగనే పాడైతది. గా మాత్రానికి ఏం గాదు."

"గొంగడిల కావాలనే పండవెట్టినవా?"

"మరి? దీపం ఆరితే ఎవలు పాడుతరు? మేక దగ్గర నీ పాటే మీదున్నది. నువ్వు నోరు మూసుకుంటే మేకతోని అయిపోతుండె." అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఇక ఆగలేదు. "దూడ దాక ఎందుకు పోయినవ్ మామా?"

పొద్దుటి నుంచి నా లెక్క ఏదీ తప్పలేదు. పదిలో పదో వంతు ఒకటే. కానీ ప్రతి లెక్కకూ మొదటి వరుస ఇంకెవరి దగ్గరో ఉంది.

తలుపు సందులోంచి ఒక గొంతు వచ్చింది. "గిది బతికే ఉన్నదా!"

బస్టాండుకు తీసుకుపోవడానికి ఆటో తెచ్చిన సామ్యేలు.

"మోసం! హర్రాజు మళ్ళ పెట్టాలె!"

"సామ్యేలూ" అన్నాను, ఆ రోజు మొదటిసారి నాకు ఇష్టమైన గొంతుతో, "వాపసు లేదు."

అతను నన్ను చూశాడు, గొట్టాన్ని చూశాడు. సునంద అతని చేతికి టార్చిలు ఇచ్చి, పండబెట్టడం, లేపడం నేర్పించింది. మూడు సార్లు పండబెట్టాడు, మూడు సార్లు లేపాడు. పసివాడి చేతికి ఆటబొమ్మ ఇచ్చినట్టు ఆ మొహం వెలిగిపోయింది. ఇంకోసారి అంటుంటే పిల్ల టార్చిలు లాక్కుంది.

"మరి గిది నిజంగ పాడైతే ఈమె చదువు పోతుండెనా?" అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

"పోతుండె."

"నువ్వు ముందే చెప్పాలె గదన్నా. నేను ఛత్రి తెరుస్తుంటినా?"

బస్టాండుకు పోయేదారిలో పడమటి ఎండ ఆటోలోకి నేరుగా కొడుతోంది. పిల్ల ఒళ్ళో డబ్బా. సామ్యేలు ఒక చేత్తో ఆటో నడుపుతూ, రెండో చేత్తో ఛత్రి తీసి వెనక్కి నాకు అందించాడు. తెరిచి పట్టుకున్నాను. విరిగిన చువ్వ దారి పొడవునా నా చెవిని గోకుతూనే ఉంది. న్యాయమే అనిపించింది.

మంగళవారం లేజరు తన పని చేసింది. తర్వాత సునంద ఒక గీత పంపింది. నిటారుగా లేచి, మెల్లగా వంగే గీత. ఆ ప్రోటీన్ మేలుకునేటప్పుడు మొదటి కదలిక సెకనులో లక్ష కోట్ల వంతులు కొన్ని మాత్రమేనని అందులో కనపడుతుందట. నేను కూర్చుని వంతులు లెక్కకట్టి సరిచూశాను, సరిగ్గానే ఉంది. ఆ మాటే ఫోన్లో చెప్పాను.

"గదేం జల్దీ మామా" అంది. "మేక నుంచి దూడకు నువ్వు పోయినంత జల్దీని కొలిచే లేజర్ ఇంకా రాలె."

మరుసటి ఏడు నుంచి హర్రాజు పాడించే పని సామ్యేలుది. అతను నా నియమాన్ని తీసెయ్యలేదు. పాడించేవాడు పాడొద్దు అని ఒక్క ముక్క మాత్రం కలిపాడు.

కనుక సభవారందరి ఎదుట, నిండు మనసుతో, టేపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పదింట్ల ఒకటి తీసే ముందు మిగతా తొమ్మిదింట్ల ఏముందో ఎవరినైనా అడుగుతాను. మూతల మీద రాసినవి అంకెలు కాకపోయినా చదువుతాను. నా మీద నేను పాడను. దీపం ఆరుతున్నప్పుడు బర్రెదూడ అనే మాట నోట రానివ్వను.

దీనికి సాక్షి సామ్యేలు. నేను ప్రమాణం చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి విన్నాడు, ఛత్రిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, బల్లకు చాలా దూరంగా.